చప్పుడు కాకుండా వైవా

వరహాలమ్మకి ఫోను మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం. మోగి, ఎత్తాక, అవతల్నించి మాట రాకపోతే ఉండే భయం ఇంకొకటుందని ఆవిడకి ఆ శ్రావణమాసంలోనే తెలిసింది.

చేసింది కూతురు నీలవేణే. తెర మీద పేరు పడింది, ఫొటో కూడా పడింది. "తల్లీ, బువ్వ తిన్నావేటి?" అని అడిగితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఊపిరి మాత్రం వినబడింది. తరవాత ఫోను కట్టయిపోయి, సందేశం ఒకటి వచ్చింది. "తిన్నాను. బావున్నాను. ఇక్కడ మాట్లాడకూడదు."

మాట్లాడకూడదని ఎవరన్నారు? గొంతుకి ఏదో లేచి ఉంటుంది, డాక్టరు అని ఉంటాడు. లేకపోతే ఎవడో కత్తి పెట్టి అని ఉంటాడు. అదీ కాకపోతే పిల్ల ఏ స్వామీజీ దగ్గరో చేరి మౌనవ్రతం పట్టింది, రేపో మాపో గుండు చేయించుకుంటుంది. వరహాలమ్మ మూడింటికీ సమానంగా ఏడ్చి, రాత్రికి రాత్రి సున్నుండలూ చేగోడీలూ చేసి, తెల్లారగట్ల బస్సెక్కింది.

అనకాపల్లి దగ్గరి ఊళ్ళో ఆవిడకి పిండిమర ఉంది. చదివింది ఎనిమిదో తరగతే గాని, పెరట్లో బట్టలుతుకుతూ వీధిలోని మర చప్పుడు విని "బెల్టు వదులైంది, బిగించండి" అనేది. "రాయికి గంట్లు అరిగిపోయాయి, ఇంకో రెండ్రోజులే" అంటే సరిగ్గా రెండ్రోజులే. నీలవేణి ఆ మర పక్కన ఉయ్యాల్లో పెరిగిన పిల్ల. అమ్మ చెవికి తెలిసేది యంత్రాలకి ఎలా నేర్పడమా అని విశ్వవిద్యాలయంలో ధ్వని, ప్రకంపనల పరిశోధన శాఖలో చేరింది. మర పాడవకముందే దాని చప్పుడు బట్టి జబ్బు చెప్పే పద్ధతి మీద ఆరేళ్ళు పనిచేసి, నాలుగువందల పేజీల పుస్తకం రాసి ఇచ్చేసింది. ఇక మిగిలింది వైవా ఒక్కటే, అంటే పెద్దలు అడిగిన ప్రశ్నలకి నిలబడి నోటితో జవాబు చెప్పడం. అది ఆగస్టు ముప్పయ్యో తారీకు సాయంత్రం అయిదు లోపల అయిపోవాలి. అయిదు దాటితే ఆరేళ్ళ గడువు తీరిపోయి, పేరు కొట్టేస్తారు. పిల్ల మళ్ళీ మొదటి రోజుకి వచ్చేస్తుంది.

గేటు దగ్గర సన్యాసిరావనే కాపలా మనిషి వరహాలమ్మని చూసి పెదాల మీద వేలు పెట్టుకుని, బోర్డు చూపించాడు. "ఇది నిశ్శబ్ద ప్రాంగణం. ముప్పై అయిదు డెసిబెళ్ళు దాటరాదు. దాటినవారు దాటినట్లే పరిగణింపబడుదురు."

"డెసిబెళ్ళంటే ఏటి బాబూ?"

"బియ్యానికి కిలోలు లాగే, సప్పుడుకి డెసిబెళ్ళు," అన్నాడు సన్యాసిరావు గుసగుసగా. "ముప్పై అయిదంటే ఇద్దరు దొంగలు మాటాడుకున్నంత."

ఆమె గాజులకి గుడ్డ చుట్టాడు. చెప్పులు విప్పించి, నూలు మేజోళ్ళ జత ఒకటి ఇచ్చాడు. క్యారేజీ మూత తీసి సున్నుండలు నొక్కి చూసి తలూపాడు. చేగోడీల దగ్గర మాత్రం ఆగాడు. ఒకటి తీసుకుని, జేబులోంచి చిన్న యంత్రం తీసి నోటి దగ్గర పెట్టుకుని, కొరికాడు. ముల్లు ఎగిరింది.

"యాబై రెండు. ఇవి లోపలికి పోవమ్మా."

"నానబెట్టుకుని తింటాదిలే బాబూ."

"నానబెట్టిందానికి వేరే అర్జీ. మీరెళ్ళండి. ఇవి స్వాధీనం చేసుకున్నట్టు రాసుకుంటాను."

వరహాలమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి, సన్యాసిరావూ ఇంకో కాపలా మనిషీ గేటు అవతల రోడ్డు మీద నిలబడి, స్వాధీనం చేసుకున్నవాటిని ఫెళఫెళమంటూ పూర్తిగా స్వాధీనం చేసుకుంటున్నారు.

ఈ గొడవంతా ఎలా మొదలైందంటే, దేశంలో ప్రశాంతమైన ప్రాంగణాలకి ర్యాంకులు ఇస్తున్నారని ఉపకులపతి గారు ఎక్కడో చదివారు. చదివిన మధ్యాహ్నమే సమావేశం పెట్టి, "చప్పుడు మీద పరిశోధన చేసే విశ్వవిద్యాలయంలో చప్పుడుండడం, మద్యనిషేధ శాఖ ఆఫీసులో సారా ఉండడం లాంటిది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ప్రాంగణంలో మోగిన ఆఖరి చప్పట్లు అవే.

మొదట గంట తీసేసి జెండా పెట్టారు. తరవాత ఫ్యాన్లు ఆపారు. హాస్టల్లో కుక్కర్లకి విజిలు పీకేశారు, అన్నం పలుకు మిగిలింది. పలుకు నమిలితే చప్పుడని అందరికీ జావ పోశారు. సంగీతం శాఖలో వీణలకి తీగలు విప్పి పాఠం కొనసాగించారు. అయ్యవార్లు పాఠాలు చెప్పడం మాని బోర్డు మీద రాయడం మొదలెట్టారు. సుద్దముక్క కీచుమంటోందని దాన్ని నీళ్ళలో తడిపి రాశారు, అది ఆరాకగాని కనబడేది కాదు, ఆరేలోగా పిల్లలు నిద్రపోయేవారు. దాంతో గురక మీద ఒక ఉపసంఘం, కాకుల మీద ఇంకో ఉపసంఘం పడ్డాయి. కాకుల ఉపసంఘం వాళ్ళు మూడుసార్లు కూచుని, కాకులు ప్రాంగణంలో అనుమతి లేకుండా నివసిస్తున్నాయని నిర్ధారించి, ఆ సంగతి కాకులకి రాతపూర్వకంగా తెలియజేశారు.

పరిశోధన శాఖ దగ్గర చప్పుడు కొలిచే యంత్రాలున్నాయి కాబట్టి కాపలా పని వాళ్ళకే అప్పజెప్పారు. హద్దు దాటితే మోగేలా ఒక సైరను బిగించారు. మొదటి రోజే ఎవరో దగ్గారు, సైరను మోగింది. సైరను చప్పుడు నూట పది. అది హద్దు కన్నా ఎక్కువ కాబట్టి దాన్ని విని అదే మళ్ళీ మోగింది. అలా రెండున్నర రోజులు తనని తానే పట్టుకుంటూ మోగింది. ఆఖరికి "నీ మీద ఎందుకు చర్య తీసుకోరాదు" అని సైరనుకి మెమో ఇచ్చారు. గడువులోగా సంజాయిషీ రాకపోవడంతో దాన్ని సస్పెండు చేసి, దాని స్థానంలో చప్పుడు చెయ్యని ఎర్రదీపాలు పెట్టారు.

ఇవేమీ తెలియని వరహాలమ్మ, మేజోళ్ళతో జారుతూ జారుతూ ప్రయోగశాలకి చేరింది. నీలవేణి అక్కడ ఆగిపోయిన పిండిమర పక్కన ముక్కాలి పీట మీద కూచుని ఉంది. గొంతు వాయలేదు, మెడ మీద కత్తి లేదు, జుట్టు కూడా ఉంది. వరహాలమ్మ అమాంతం కౌగిలించుకుని, నోరు తెరవబోయి, గోడ మీద దీపం చూసి ఆగిపోయింది.

అప్పుడు తల్లీకూతుళ్ళిద్దరికీ ఒకేసారి తోచింది. ఇంటి దగ్గర మర ఆడుతున్నంతసేపూ ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అయినా మాటలు ఆగుతాయా? పెదాలు కదిపి, వేళ్ళు తిప్పి కబుర్లన్నీ చెప్పుకోడం మరలో పనిచేసేవాళ్ళకి ఉన్నదే. బొటనవేలూ చూపుడువేలూ రాస్తే మెత్తగా విసరమని. అరచెయ్యి అల్లల్లాడిస్తే బెల్టు వదులని. పిడికిలి తిప్పితే రాయి.

"ఇలా సిక్కిపోయావేటే గుంటా?" అంది వరహాలమ్మ పెదాలతో.

"జావ పోస్తన్నారమ్మా."

"వైవా ఎప్పుడు?"

నీలవేణి రెండు చేతులూ తిప్పేసింది. లేదని. గొంతుతో చేసేది కాబట్టి వైవాకి చప్పుడు అనుమతి కావాలి, ఆ ఫైలు నెల నుంచీ కదలడం లేదు, గడువు ఇంకా పదిరోజులే.

ఆమెకి పరిశోధనలో దారి చూపే త్రిలోచనరావు మాష్టారు అప్పుడే చీపురుపుల్లలా చప్పుడు లేకుండా వచ్చి నిలబడ్డారు. ఆయనకి ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. భయంలో వరహాలమ్మకి తీసిపోరు. "అమ్మా, మీరు నాకు కనబడలేదు, నేను మీకు కనబడలేదు," అన్నారు గుసగుసగా. "రిజిస్ట్రారు గారి గది ఎడంవైపు మూడోది. అది కూడా నేను చెప్పలేదు."

రిజిస్ట్రారు విశ్వంభరరావు గారు పెద్ద బల్ల వెనకాల కూచుని, దూది అంటించిన రబ్బరు ముద్రతో కాగితాల మీద ముద్రలు వేస్తున్నారు. తలెత్తకుండానే, "సమస్యను క్లుప్తముగా, మృదువుగా విన్నవింపుము," అన్నారు.

"బాబుగారూ, మా పిల్ల వైవా..."

"వైవా అనగా మౌఖిక పరీక్ష. మౌఖికము అనగా శబ్దము. శబ్దము అనగా ఉల్లంఘన. ఒక ఉల్లంఘనకు తారీఖు నిర్ణయించమని ఈ కార్యాలయమును కోరుచున్నారా?"

"మరి ఆ పరీచ్చ అవకపోతే ఆరేళ్ళ సదువు పోద్దంట కదండీ."

"పోవును. అదియును నిబంధనయే." ఆయన ఒక పత్రం ముందుకి తోశారు. "ఇందులో అభ్యర్థిని పలుకబోవు మాటల సంఖ్య నింపవలెను. ఒత్తక్షరములు విడిగా. ధ, ఘ, భ వంటివి శ్వాసను అధికముగా వెలువరించును గనుక రోజుకు ఇరవై మించరాదు."

"పిల్ల సదివిందే ధ్వనండీ. ఆ మాటలోనే ధ ఉంది కదా?"

విశ్వంభరరావు గారు పత్రం తమవైపు తిప్పుకుని చూశారు. "దానిని 'చప్పుడు' అని పలుకుమనుడు."

వరహాలమ్మకి ఊరు గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి ఈ సంగతి చెప్తే నలుగురూ నవ్వుతారు. నవ్వితే పర్వాలేదు, నమ్మరు. పిల్ల చదువులో తప్పి సాకులు చెప్తోందంటారు. ఆవిడ ఆ బల్ల ముందే నేల మీద చతికిలబడి, ఏడవడం మొదలెట్టింది. చప్పుడు లేకుండా ఏడ్చింది కాబట్టి ఏ నిబంధన కిందా ఆవిణ్ణి లేపడానికి వీల్లేకపోయింది. మొదటిరోజు సాయంత్రం దాకా ఏడ్చింది. రాత్రి కూతురి గదిలో పడుకుని, మర్నాడు పొద్దున్నే వచ్చి మిగిలింది ఏడ్చింది. మూడోరోజుకి రిజిస్ట్రారు గారు దస్త్రంలో "పరిస్థితి తడిగా ఉన్నది" అని రాసి ఉపకులపతి గారికి పంపారు.

జవాబు వచ్చింది. గడువుకి ఆఖరి రోజునే, ముప్పయ్యో తారీకు మూడు గంటలకి వైవా. ప్రాంగణ ర్యాంకు వాళ్ళకి ఆ రోజు లెక్కలన్నీ పంపాలి కాబట్టి ఒక షరతు. హాల్లో ఎర్రదీపం రెండుసార్లు వెలిగితే క్షమిస్తారు. మూడోసారి వెలిగితే వైవా రద్దు.

ఆ రోజు హాలు నిండింది. మొదటి వరసలో ఉపకులపతి గారు, పక్కన రిజిస్ట్రారు గారు, వాళ్ళ వెనక వణుకుతూ త్రిలోచనరావు మాష్టారు. ఆఖరి వరసలో వరహాలమ్మ. ఆవిడ బయల్దేరే ముందు రోజు మరలో కారం ఆడించినప్పుడు కట్టిన చీరే కట్టుకొచ్చింది, పదిరోజులుగా ఉతికి ఆరేసినా ఆ ఘాటు పోలేదు. పిల్ల తెల్లగా పాలిపోయి వేదిక మీద నిలబడి ఉంది. పడిపోతుందేమో, నీళ్ళైనా తాగిందో లేదో, నీళ్ళు మింగితే ఎన్ని డెసిబెళ్ళో.

మూడు గంటలకి తలుపు తోసుకుని పరీక్షకుడు వచ్చాడు. పై ఊరి నుంచి పిలిపించిన ఆచార్య సింహాద్రి. పొడుగాటి మనిషి, పెద్ద మీసాలు, రెండు చెవుల్లోనూ వినికిడి యంత్రాలు.

"నమస్కారమండీ అందరికీ!" అన్నాడు.

అద్దాలు అదిరాయి. ఎర్రదీపం వెలిగింది.

"ఏటది, పండగ దీపాలేటి?" అన్నాడు ఆయన, వెలిగిన దీపం ఇంకా ఆరకుండానే. ఇంకో మాట అనేలోగా త్రిలోచనరావు మాష్టారు ఎదురెళ్ళి షరతు రాసిన కాగితం చేతిలో పెట్టారు. సింహాద్రి చదివాడు. మళ్ళీ చదివాడు. జేబులోంచి పెన్ను తీసి దాని కింద రాశాడు. "నాకు గొంతు తగ్గదు. చెవులు పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఇరవయ్యేళ్ళు జూట్‌మిల్లుల్లో చప్పుడు కొలిచాను, మరి పోవా?"

చీటీ చేతులు మారుతూ రిజిస్ట్రారు గారి దాకా వచ్చింది. ఆయన అది చదువుతూ, వెనక నించి ఫ్యాను లేని గాలిలో నెమ్మదిగా తేలి వచ్చిన కారం ఘాటుని గట్టిగా పీల్చారు. ముక్కు మూసుకున్నారు. నోరు మూసుకున్నారు. కళ్ళు కూడా మూసుకున్నారు. లాభం లేకపోయింది. ఆ తుమ్ము పూర్తిగా పరిపాలనాపరమైనదే గాని, దీపానికి ఆ తేడా తెలియలేదు.

రెండోసారి.

వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంక ఒక్కటే. ఆ తుమ్ము తన చీర వల్లే వచ్చింది. కన్నతల్లే కూతురి బతుకు మీద కారం చల్లింది.

వేదిక మీద నీలవేణి మొదలెట్టింది, ఇద్దరు దొంగలు మాట్లాడుకున్నంత మెల్లిగా. సింహాద్రి చెవి ముందుకి పెట్టాడు. ఇంకా ముందుకి పెట్టాడు. ఆయన ముఖంలో చిరాకు పొంగుకొస్తోంది, మీసం కింద నోరు విచ్చుకుంటోంది. "గట్టిగా చెప్పమ్మా" అనే మాట ఆయన పళ్ళ దాకా వచ్చేసింది.

వరహాలమ్మ కుర్చీ మీదకెక్కి నిలబడింది. రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఆడించింది. సింహాద్రి చూపు అటు తిరిగింది. ఆవిడ పెదాలు సాగదీసి, చప్పుడు లేకుండా అంది.

"బాబూ, సెవి కాదు. నోరు సూడండి. పిల్లకి మర బాస వొచ్చు."

సింహాద్రి నోరు మూసుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. కాసేపు ఆవిడకేసే చూసి, నెమ్మదిగా చెయ్యెత్తి అరచెయ్యి అల్లల్లాడించాడు. బెల్టు వదులని. జూట్‌మిల్లులో మాత్రం మగ్గాలు ఆడుతుంటే మాటలెవరికి వినబడతాయి? అక్కడా ఇదే భాష, యాస కొంచెం తేడా.

ఆయన కుర్చీ తిప్పుకుని నీలవేణికి ఎదురుగా కూచున్నాడు. పిడికిలి తిప్పి, దాని మీద గోటితో ఒక గీత గీసి, చెవి చూపించాడు. రాయికి చీలిక వస్తే చప్పుడెలా మారుతుంది?

పిల్ల ముఖం వెలిగింది. బల్ల అంచుని ముట్టుకోకుండానే వేళ్ళతో గాలిలో తాళం వేసింది. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. పెదాలు చకచకా కదిలాయి. ఆయన అడ్డం ప్రశ్న వేశాడు. ఆమె తిరగేసి చెప్పింది. ఆయన మోకాలి మీద చరవబోయి, చెయ్యి గాలిలోనే ఆపుకున్నాడు. ఒకచోట నీలవేణి తడబడింది. వరహాలమ్మ పెదాలు వాటంతట అవే కదిలాయి, "ఇరుసే, ఇరుసు" అని. సింహాద్రి గిరుక్కున తిరిగి వేలు చూపించి, పెదాలతోనే అన్నాడు.

"అందించకమ్మా! పరీచ్చ నీకా, దానికా?"

గంటంపావు సాగింది. హాల్లో మిగతా వాళ్ళెవరికీ ముక్క అర్థం కాలేదు. ఉపకులపతి గారు మాత్రం అన్నింటికీ తలూపుతూ, ఎర్రదీపం వెలగనప్పుడల్లా పక్కవాళ్ళకేసి గర్వంగా చూశారు. రిజిస్ట్రారు గారు పుస్తకంలో రాశారు. "ప్రశ్నోత్తరములు అత్యున్నత స్థాయిలో జరిగినట్లు ముఖకవళికలను బట్టి తెలియవచ్చుచున్నది."

నాలుగూ ముప్పావుకి పది నిమిషాలుందనగా సింహాద్రి లేచి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఫలితం కాగితం మీద సంతకం చేశాడు. వరహాలమ్మ కుర్చీలో కూలబడి దేవుళ్ళందరి పేర్లూ తలుచుకోవడం మొదలెట్టింది. నూకాలమ్మ దగ్గర ఉండగానే రిజిస్ట్రారు గారు వేలెత్తారు.

ఆయన చేతిలో ఇంకో పుస్తకం ఉంది. పాతది, వైవా నిబంధనలది. అందులో ఉన్నది గుసగుసగా చదివారు. "ఫలితమును పరీక్షకుడు స్వయముగా, నోటితో, సభికులకు వినబడునట్లు బిగ్గరగా ప్రకటించవలెను. అట్లు ప్రకటింపబడని ఫలితము ఫలితము కాదు."

"కాగితం మీద సంతకం ఉంది కదండీ," అన్నారు త్రిలోచనరావు మాష్టారు, జీవితంలో మొదటిసారి ఎదురు చెప్తూ.

"సంతకము కనబడును. వినబడదు."

"మరి బిగ్గరగా అంటే దీపం వెలుగుతుంది. వెలిగితే వైవా రద్దు."

"అవును."

"ప్రకటించకపోతే?"

"అప్పుడును రద్దు. రెండు నిబంధనలకును సమాన గౌరవమీయవలెను గదా." ఆయన ఉపకులపతి గారి వైపు తిరిగారు. "బిగ్గరగా, కాని నిశ్శబ్దముగా ప్రకటించు విధానము పరిశీలించుటకు ఉపసంఘము నియమింతమా?"

గడియారం పన్నెండు తక్కువ అయిదు చూపిస్తోంది. నీలవేణి అమ్మకేసి చూసింది. తన నాలుగువందల పేజీల పుస్తకం సంచీలో పెట్టేసుకుంది. అది చూసి వరహాలమ్మకి ఒళ్ళు మండింది. భయం మీద మంట పడితే ఏమవుతుందో ఆవిడకే తెలీదు, ఎప్పుడూ అలా జరగలేదు. రిజిస్ట్రారు గారి ముందుకెళ్ళి గుసగుసగా అడిగింది.

"బాబుగారూ, ఈ డెసిబెళ్ళ గొడవ ఎక్కడి దాకా?"

"ప్రాంగణము ఎల్లల వరకు."

"గేటు అవతల?"

"అవతల ప్రపంచము."

"అయితే ప్రపంచంలోకి పదండి. అక్కడ సెప్తారు."

నిబంధనల పుస్తకాలు రెండూ తిరగేశారు. ప్రకటన హాల్లోనే జరగాలని ఎక్కడా లేదు. దాంతో ఉపకులపతి గారు ముందు, ఆచార్యులు వెనక, నూలు మేజోళ్ళతో సభంతా పిల్లిలా పరిగెత్తింది. గేటు దాటి, రోడ్డు దాటి, టీ బడ్డీ ముందు వరసగా నిలబడ్డారు. టీ కొట్టు సోంబాబు, "ఎవరు పోయారండీ?" అన్నాడు తువ్వాలు తీసేసి.

సింహాద్రి బెంచీ ఎక్కాడు. రొమ్ము నిండా గాలి పీల్చాడు. మధ్యాహ్నం నుంచీ బిగబట్టిన గొంతంతా ఒక్కసారి వదిలాడు.

సరిగ్గా అప్పుడే ఇసక లారీ ఒకటి మలుపు తిరుగుతూ హారన్ నొక్కి, బడ్డీ దాటేదాకా వేలు తియ్యలేదు. లారీ వెళ్ళేసరికి సింహాద్రి చెప్పడం అయిపోయి, బెంచీ దిగిపోతున్నాడు.

"ఏమన్నారు?" అన్నారు ఉపకులపతి గారు.

ఎవరికీ తెలియదు. రిజిస్ట్రారు గారు ప్రకటన పత్రం తెరిచారు. సాక్షి సంతకం గడి ఖాళీగా ఉంది, దాని మీద అచ్చులో "ఫలితమును నేను చెవులారా వింటిని" అని ఉంది. "ఎవరు వినిరి?" అన్నారు. అందరూ లారీ వెళ్ళిన వైపు చూపించారు. త్రిలోచనరావు మాష్టారు పెన్ను పట్టుకుని, ఎనిమిది నెలలు గుర్తొచ్చి వదిలేశారు. "ఇంకొక పర్యాయము చెప్పినచో అది పునఃప్రకటన. దానికి వేరే దస్త్రము."

"నాను సూశాను," అంది వరహాలమ్మ. "పిల్ల నెగ్గిందన్నారు. ఆ బాబు నోరు సూశాను."

"చూచుట కాదమ్మా. వినుట. విన్నారా?"

నాలుగు తక్కువ అయిదు. పెన్ను ఆవిడ చేతిలోకి వచ్చింది. చుట్టూ అందరి కళ్ళూ "విన్నానని రాసెయ్యి" అంటున్నాయి. నీలవేణి కళ్ళు మాత్రం ఏమీ అనడం లేదు. రాసెయ్యొచ్చు, రెండు ముక్కలే. కాని ఎనిమిదో తరగతి చదువుతో పెట్టే దొంగ సంతకాన్ని పెద్ద చదువులు చదివినవాళ్ళు పట్టుకోరా? రేపు ఎవడో ఫైలు తిరగేసి, లారీ నంబరు సంపాదించి, ఆ టైములో నీకెలా వినబడిందమ్మా అంటే? పిల్ల పేరు ముందు పెట్టుకున్న 'డాక్టరు'ని నలుగుర్లో పీకేస్తే? అమ్మ చేసిన అబద్ధం పిల్ల మోస్తుందా జీవితమంతా?

"ఆ కాయితంలో," అంది వరహాలమ్మ పెన్ను పట్టుకునే, "ఎక్కడ నిలబడి వినాలో, ఎంత దూరాన్నుంచి వినాలో రాసిందేటండీ?"

రిజిస్ట్రారు గారు వెతికారు. "లేదు."

"సెప్పినాయన సాచ్చికి ఇడిగా సెప్పకూడదని?"

"అదియును లేదు. విడిగా చెప్పుట ప్రకటన కాదు, సంభాషణ." ఆయన కొంచెం దిగులుగా ఒప్పుకున్నారు. "సంభాషణకు దస్త్రము లేదు. రోడ్డు మీద."

వరహాలమ్మ తిన్నగా సింహాద్రి దగ్గరికి వెళ్ళి, తల మీది కొంగు పక్కకి తప్పించి, కుడి చెవి ఆయన మీసాల దాకా తెచ్చింది.

"బాబూ, ఇందాకటి మాట. ఇందులో."

సింహాద్రి వంగాడు. తగ్గించి చెప్పడం ఆయనకి చేతకాదు. చేతనైనా ఆ రోజు తగ్గించేవాడు కాదు.

"నెగ్గింది! నీ కూతురు నెగ్గిందమ్మా!"

సోంబాబు చేతిలో గ్లాసు జారింది. బడ్డీ మీద వాలిన కాకులు, రాతపూర్వకమైన నోటీసుకి కూడా కదలనివి, అన్నీ ఒక్కసారి లేచిపోయాయి. వరహాలమ్మకి చెవిలో గంటలు మోగాయి, కళ్ళ ముందు పచ్చటి చుక్కలు తిరిగాయి. ఆ చుక్కల మధ్యనే గడి వెతుక్కుని, కూడబలుక్కుని తన పేరు రాసింది. రెండు తక్కువ అయిదు అని రిజిస్ట్రారు గారు టైము వేశారు.

తరవాత ఆ రోడ్డు మీద చాలా జరిగింది. ఉపకులపతి గారు అక్కడే చిన్న ఉపన్యాసం ఇచ్చారు, ఆయనకి మాట్లాడి మూడు నెలలైంది కాబట్టి అది పెద్దదయింది. ఆచార్యులందరూ తలో టీ చెప్పి, ఒకరి మాట ఒకరు వినకుండా హాయిగా అరుచుకున్నారు. వాళ్ళని లోపలికి తేవడానికి చీకటి పడింది. నీలవేణి అమ్మ భుజం పట్టుకుని ఏడుస్తూ ఏదేదో చెప్పింది. వరహాలమ్మ ఎడంచెవితో అంతా విని ఊకొట్టింది.

కుడిచెవి మీద మాత్రం అరచెయ్యి గట్టిగా ఒత్తిపెట్టుకుని బస్సెక్కింది. ఆ చెవిలో వారం రోజుల దాకా ఇంకో మాట దూరలేదు. వరహాలమ్మ దూరనివ్వలేదు.